నూజివీడు రసం వేప్ సీసాలోకి దిగుతుందా? ఒక ఫ్లేవర్ల డైరీ

8 జూన్ 2025, ఆదివారం

పదకొండేళ్లు సిగరెట్లు కాల్చాను. రెండేళ్ల క్రితం మా పాప పుట్టినరోజు మర్నాడు మానేసి ఈ-సిగరెట్‌కు, అంటే వేప్‌లోకి మారాను. రంగురంగుల డిస్పోజబుల్స్ కొనడం, అయిపోగానే పడేయడం, అంతే నాకు తెలిసిన వేపింగ్. జూన్ 1 నుంచి బ్రిటన్‌లో వాటి అమ్మకం ఆగిపోయింది. రెడింగ్‌లో మా వీధి చివర షాపతను ఆఖరి వారం సగం ధరకు అమ్మేశాడు. నేను బుద్ధిగా, మళ్లీ మళ్లీ నింపుకుని వాడే ఒక పాడ్ కిట్ కొనుక్కుని, పది మిల్లీలీటర్ల లిక్విడ్ సీసాలు తెచ్చుకోవడం మొదలెట్టాను. ఇక్కడి నిబంధనల ప్రకారం నికోటిన్ ఉన్న సీసా పది మిల్లీలీటర్లు దాటకూడదు, గాఢత మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. నాకు రెండు రోజులకొక సీసా అవుతోంది. పైగా 2026 అక్టోబర్ 1 నుంచి ప్రతి పది మిల్లీలీటర్ల మీద 2.20 పౌండ్ల పన్ను వేస్తున్నారు. దాని మీద మళ్లీ వ్యాట్.

డబ్బు ఒక కారణం. అసలు కారణం మామిడి. నాది నూజివీడు. ఈ వారంలో మూడు కంపెనీల మ్యాంగో లిక్విడ్లు కొన్నాను. మూడూ చిన్నప్పుడు రూపాయికి నాలుగొచ్చే పసుపు బిళ్లల రుచే. ఇంత డబ్బు పోసి బిళ్ల చప్పరించడమెందుకు, మనమే కలుపుకుందాం అనిపించింది.

సొంతానికి కలుపుకోవడానికి ఇక్కడ అడ్డు లేదు. లిక్విడ్‌లో ఉండేవి నాలుగే: పీజీ, వీజీ, నికోటిన్, ఫ్లేవర్. ప్రొపిలీన్ గ్లైకాల్ పల్చగా ఉండి రుచిని మోస్తుంది, గొంతులో కాస్త తగులుతుంది. వెజిటబుల్ గ్లిజరిన్ తేనెలా చిక్కగా, లేత తియ్యగా ఉండి పొగ ఇస్తుంది. ఈ రెండూ ఫార్మా గ్రేడ్‌వి ఎక్కడైనా దొరుకుతాయి. నికోటిన్ అంటే మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నిక్ షాట్లు, రుచి లేని నికోటిన్ ద్రవం, అవీ పది మిల్లీలీటర్ల సీసాలే. ఈ మూడింటిలో ఆలోచించాల్సిందేమీ లేదు. తలనొప్పంతా నాలుగోదానితోనే, అందుకే ఈ డైరీ.

ముందే ఒక మాట. సిగరెట్ అలవాటే లేనివాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇది సిగరెట్ కంటే తక్కువ చెడు అంతే, మంచిది కాదు.

11 జూన్

మొదటి బుద్ధితక్కువ పని ఇవాళే అయింది.

వంటింటి అరలో మా ఆవిడ కేకులకూ కేసరికీ వాడే ఎసెన్స్ సీసాలున్నాయి. పైనాపిల్, రోజ్, వెనీలా, వాటి వెనక ఇండియన్ షాపులో కొన్న మ్యాంగో. ఇంట్లోనే ఉండగా బయట కొనడమెందుకని లేబుళ్లు చదువుతూ కూర్చున్నాను.

“ఏమండీ, అది కడుపులోకి వెళ్లేది. మీరు ఊపిరితిత్తుల్లోకి పంపిస్తానంటున్నారు” అంది తను, కుక్కర్ విజిల్ లెక్కపెడుతూనే.

ఆ ఒక్క మాటా మనసులో పెట్టుకుని చదివితే లేబుల్ వేరేగా కనపడింది. పైనాపిల్‌లో పీజీ ఉంది, బాగానే ఉంది. కానీ పక్కనే రంగు కూడా ఉంది. రోజ్‌లో చక్కెర పాకం. చక్కెర, ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట ఉంటుందే, ఆ కాయిల్ మీద మాడి బొగ్గవుతుంది, కమురు వాసన తప్ప ఏమీ మిగలదు. వెనీలా ఆల్కహాల్‌లో ఉంది. మ్యాంగో సీసా మీద ‘ఫ్లేవరింగ్ సబ్‌స్టెన్సెస్, క్యారియర్’ అని ఉంది కానీ ఆ క్యారియర్ ఏమిటో లేదు. నాకు కావలసింది అదే. ఆ రుచిని దేంట్లో కరిగించారు?

గాజు గ్లాసులో కాస్త పీజీ పోసి మ్యాంగో రెండు చుక్కలు వేశాను. చుక్క విచ్చుకోలేదు. పైకి తేలి, చారు మీద తాలింపు నూనెలా గుండ్రంగా నిలబడింది. స్పూనుతో తిప్పితే నాలుగు ముక్కలైంది, కాసేపటికి మళ్లీ దగ్గరికి చేరింది. నూనె.

నూనెను పీల్చకూడదు. ఊపిరితిత్తుల్లోకి కొవ్వు చేరితే అక్కడి కణాలు దాన్ని అరిగించుకోలేవు. వాపు వస్తుంది, దానికి లిపాయిడ్ న్యుమోనియా అని పేరు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల జనం వరసగా ఆస్పత్రుల పాలైనప్పుడు ప్రధానంగా తేలిన దోషి విటమిన్ ఈ ఎసిటేట్, అదీ నూనెలాంటిదే. ఎక్కువగా గంజాయి సారం ఉన్న కార్ట్రిడ్జ్‌లలో చిక్కదనం కోసం కలిపారు. ఒంటికి రాసుకుంటే ఏమీ కాదు, మింగినా ఏమీ కాదు. పీలిస్తేనే ప్రాణం మీదికొచ్చింది.

నా గ్లాసు పరీక్షను పూర్తిగా నమ్మడానికీ లేదు. ఎమల్షన్ చేసిన నూనె, అంటే సన్నని బిందువులుగా విరిచినది, కలిసిపోయినట్టే నటిస్తుంది. కాబట్టి తేలితే పారబొయ్యడం, తేలకపోయినా కాగితం చూడందే వాడకపోవడం. ఎసెన్సులు నాలుగూ తిరిగి అరలోకి వెళ్లాయి.

15 జూన్, ఆదివారం

కాగితం అన్నాను కదా, మూడు రోజులుగా ఆఫీసు లంచ్‌లో అదే పని.

వేపింగ్‌కు కలుపుకునేవాళ్లు కొనే ఫ్లేవర్లను కాన్సంట్రేట్స్ అంటారు. పెద్ద పేర్లు నాలుగైదే. అమెరికా నుంచి కపెల్లా, ఫ్లేవర్ అప్రెంటిస్, ఫ్లేవరా. ఇటలీ నుంచి ఫ్లేవర్ ఆర్ట్. పోలండ్ నుంచి ఇనవెరా. వీళ్లలో కొందరు మొదట కాఫీలకూ మిఠాయిలకూ చేసినవాళ్లే, వేపింగ్ తర్వాత వచ్చి తగులుకుంది. ‘ఫుడ్ గ్రేడ్’ అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండకూడదన్నది ఇక్కడే. అమెరికాలో ఆహార ఫ్లేవర్ల భద్రతను తేల్చే ఫెమా అనే సంఘమే, తమ ఆమోదం తినడానికే తప్ప పీల్చడానికి కాదని స్పష్టంగా చెప్పింది.

అందుకని నాకు నేనే ఒక చీటీ రాసుకుని ఫ్రిజ్ మీద అంటించాను. పేర్లు రకరకాలుగా రాస్తారు కాబట్టి, ఫ్లేవర్లో ఉండకూడని రసాయనాల సీఏఎస్ నంబర్లు, అంటే వాటి గుర్తింపు సంఖ్యలు:

డయాసిటైల్ 431-03-8
ఎసిటైల్ ప్రొపియోనిల్ 600-14-6
ఎసిటోయిన్ 513-86-0

మొదటిది వెన్న రుచిది. 2000లో మిస్సోరీలో ఒక మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకు ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు పూడుకుపోయే జబ్బు బయటపడింది. పాప్‌కార్న్ లంగ్ అన్న పేరు అప్పటిదే. బ్రిటన్‌లో అమ్మే లిక్విడ్లలో దాన్ని కలపకూడదు. కానీ ఆ నిబంధన తయారైన లిక్విడ్‌కు. వంటకని అమ్మే కాన్సంట్రేట్‌ను నా వంటింట్లో చూడటానికి నేను తప్ప ఎవరూ రారు. రెండోది దాని తమ్ముడు, అంతకంటే మంచివాడేమీ కాదు. మూడోది చూడటానికి సాధువే కానీ సీసాలో నిలవుండగా కొంత మొదటిదిగా మారుతుంది.

ఏ ఫ్లేవర్లలో ఉంటాయి? కస్టర్డ్, క్రీమ్, బటర్, కారమెల్, కొన్ని వెనీలాలు. పళ్లలో కూడా క్రీమీగా ఉండేవాటిని చూసుకోవాలి.

కొనే చోటు గురించి. కంపెనీ పెద్ద డబ్బాల్లో పంపితే ఇక్కడి షాపులు పది, ముప్పై మిల్లీలీటర్ల సీసాల్లోకి వంచి అమ్ముతాయి. ఆ వంచడంలోనే అంతా ఉంది. సీసా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉన్నాయా? లోపలి ప్రమాదకర రసాయనాలేమిటో చెప్పే సేఫ్టీ డేటా షీట్ అడిగితే పంపుతున్నారా? రెండు షాపులకు ఒకే మెయిల్ పెట్టాను. ఒకరు అదే సాయంత్రం పీడీఎఫ్ పంపారు. ఇంకొకరు ‘వేలమంది వాడుతున్నారు, నిశ్చింతగా వాడండి’ అన్నారు. ఆర్డర్ ఎవరికి వెళ్లిందో చెప్పక్కర్లేదు. షీట్ వచ్చినంత మాత్రాన మొత్తం తెలిసిపోదు. ప్రమాదకరమైనవి ఒక హద్దు దాటితేనే అందులో రాస్తారు. కానీ షీట్ అడిగితే తప్పించుకునేవాడి దగ్గర కొనకూడదన్న సంగతి మాత్రం తెలుస్తుంది.

తొమ్మిది సీసాలు ఆర్డర్ చేశాను. మ్యాంగో మూడు కంపెనీలవి, పీచ్, స్ట్రాబెరీ, బ్లాక్ టీ, ఏలకులు, సోంపు, ఒక క్రీమ్. క్రీమ్ ఎందుకని అడక్కండి. టీ, ఏలకులు అని కళ్లు పడగానే నాంపల్లి ఇరానీ చాయ్ గుర్తొచ్చింది, చెయ్యి ఆగలేదు.

19 జూన్

పార్సిల్ వచ్చింది. దాంతోపాటు నేను డైరీలో రాయకుండా దాచిన ఇంకో పార్సిల్ కూడా. ఒక ఆన్‌లైన్ అంగడిలో సగం ధరకే కనపడిందని ‘నేచురల్ లైమ్’ ఒకటి కొన్నాను. పెట్టె తెరిచేసరికి కారి, లోపలి కాగితమంతా నిమ్మతొక్క నలిపినట్టు ఘుమఘుమ. వాసన అద్భుతం. బ్యాచ్ నంబర్ లేదు, తేదీ లేదు, కంపెనీ పేరే లేదు. గ్లాసు పరీక్షలో మ్యాంగో ఎసెన్స్ కంటే ధీమాగా తేలింది, నిమ్మతొక్క నూనెకు నూనె. వంటింటి సింకు కింద ఎర్రచీమల వరస మీద వేస్తే దారి మార్చుకున్నాయి, ఆ మేరకు డబ్బు దండగ కాలేదు.

22 జూన్, ఆదివారం

మొదటి కలుపుడు. పాపను మా ఆవిడ పార్కుకు తీసుకెళ్లింది, నేనే పంపాను. నికోటిన్ చర్మం మీద పడినా ఒంట్లోకి దిగుతుంది, పిల్లలకు కొంచెం కూడా విషమే. ఇవాళ నికోటిన్ ముట్టకపోయినా అలవాటు మొదటిరోజే పడాలి. చేతికి గ్లవ్స్, బల్ల మీద న్యూస్‌పేపర్. మిఠాయి వాసన వేసే ఈ బుల్లి సీసాలన్నీ తాళం ఉన్న పెట్టెలో ఉంటాయి, ఆ పెట్టె వార్డ్‌రోబ్ పైన.

మొదట సిరంజిలతో కొలుద్దామనుకున్నాను. వీజీ సిరంజిలోకి రావడానికి నిమిషం, బయటికి పోవడానికి ఇంకో నిమిషం, తర్వాత దాన్ని కడగడం. అరగంటకే విసుగొచ్చి నగలు తూచే బుల్లి కాటా తీశాను, గ్రాములో నూరోవంతు చూపిస్తుంది. ఖాళీ సీసా పెట్టు, సున్నా నొక్కు, పొయ్యి. పీజీ మిల్లీలీటరు 1.036 గ్రాములు, వీజీ 1.26. ఫ్లేవర్‌ను ఒకటి అనుకుంటే సరిపోతుంది.

పది మిల్లీలీటర్ల నమూనా, పీజీ, వీజీ సగం సగం (ఫ్లేవర్ పీజీ వాటాలోనే), ఫ్లేవర్ 5 శాతం, నికోటిన్ లేకుండా. ముందు ఫ్లేవర్ 0.5 గ్రాములు. చుక్కకు 0.02, 0.03 చొప్పున అంకె ఎక్కుతుంటే ఊపిరి బిగపట్టి చూశాను. 0.48 దగ్గర ఆగి ఇంకొక్క చుక్క వేద్దామని సీసా వంచితే రెండు పడ్డాయి, 0.53. పీజీ 4.66, వీజీ 6.3. మూత బిగించి, గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి ఊపాను. మొదట వీజీలో పీజీ జరీ దారాల్లా తిరిగింది, తర్వాత నురగ, తర్వాత ఏమీ కనపడకుండా అయింది.

ఒక్కో ఫ్లేవర్ విడిగానే కలిపాను. కలిపి కొట్టాలని చెయ్యి దురద పెట్టింది కానీ, విడిగా రుచి తెలియని నాలుగింటిని కలిపితే ఏది పాడుచేసిందో ఎలా తెలుస్తుంది? సీసా మీద తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద పేరు, శాతం, తేదీ.

29 జూన్, ఆదివారం

వారం ఆగాను. పళ్ల ఫ్లేవర్లకు మూడు నాలుగు రోజులు చాలు, క్రీములకు మూడు నాలుగు వారాలు కావాలంటారు.

మ్యాంగో ఒకటి: బిళ్ల. అదే పసుపు బిళ్ల. మూసేశాను.

మ్యాంగో రెండు: పీల్చగానే ఉలిక్కిపడ్డాను. మామిడే, కానీ పండు కాదు, సొన. కాయ తొడిమ విరిచినప్పుడు కారి చేతిమీద పడితే బొబ్బ లేస్తుందే, ఆ వాసన. మా తాతగారి తోటలో కోత రోజుల్లో గోనెపట్టాల దగ్గర నిలబడితే వచ్చే వాసన. మామిడికి నిజంగానే టర్పీన్లు ఉంటాయి, దేవదారు జిగురులో ఉండే జాతివే. ఈ కంపెనీ కెమిస్ట్ ఎవరో పండు తినకుండా చెట్టెక్కినట్టున్నాడు. విడిగా తాగలేం కానీ నాకు వీడే నచ్చాడు.

మ్యాంగో మూడు: పండు. తియ్యగా, మెత్తగా, వెనకాల కొంచెం పాలమీగడలా. చీటీ తీసి షీట్‌తో సరిచూశాను, మూడు నంబర్లలో ఒక్కటీ లేదు. ఇది బాగానే ఉంది. బాగుంది అంతే. పేరు చెప్పకుండా ఇస్తే మామిడి అంటారు. ఏ మామిడి అంటే నోరు విప్పలేరు.

స్ట్రాబెరీ నాకు ఏమీ తెలియలేదు. వేడినీళ్లు పీల్చినట్టుంది. మా ఆవిడ సీసా మూత తీసి దూరం నుంచే “స్ట్రాబెరీ” అంది. కొందరి నాలుకకు కొన్ని ఫ్లేవర్లు అందవట.

13 జూలై, ఆదివారం

రెండు వారాలుగా మూడో నంబర్ మ్యాంగోకు రెండో నంబర్‌ను తగిలించడమే పని.

మొదటి తప్పు ఎక్కువ పొయ్యడం. రుచి చాలట్లేదని 5 నుంచి 8కి, 8 నుంచి 12కి పెంచాను. 12 శాతంలో రుచి పెరగలేదు, చచ్చిపోయింది. గొంతు గీరుకుంది, సబ్బు రుచి. ఉప్పు ఎక్కువైన పప్పులో కందిపప్పు రుచి తెలియనట్టే. తిరిగి 4కి దిగితే అంతకుముందు లేని మామిడి ఎక్కడినుంచో వచ్చింది.

ఇంకో సంగతి. పొద్దున్నుంచి ఒకటే పీలుస్తుంటే మధ్యాహ్నానికి ముక్కు దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేస్తుంది. రుచి పోయిందని ఇంకో రెండు చుక్కలు వేయడం, మర్నాడు పొద్దున్నే తాగి అబ్బో అనుకోవడం. ఇప్పుడు పళ్లు తోముకుని కాఫీకి ముందు ఒక్కసారే చూస్తున్నాను, రాసుకుని మూసేస్తున్నాను.

ఈ రోజు లెక్క: మ్యాంగో మూడు 4 శాతం, మ్యాంగో రెండు 0.5, పీచ్ 1. పీచ్ ఎందుకంటే, పండిన పీచ్‌లో ఉండే లాక్టోన్లనే వాసన పదార్థాలు మామిడిలోనూ ఉంటాయి, గుజ్జు ఉన్న భ్రమ ఇస్తాయి. సొన అర శాతంతో తొక్క వచ్చింది, పీచ్‌తో గుజ్జు వచ్చింది. కళ్లు మూసుకుని పీల్చాను.

తాండ్ర.

రసం కాదు, మామిడి తాండ్ర. ఆత్రేయపురంలో చాపల మీద పొరలు పొరలుగా ఎండబెడతారే, దాన్ని కొరికినప్పటి రుచి. ముదురు, తియ్యన, ఎండ తగిలిన వాసన. మా ఆవిడకు వాసన చూపిస్తే “తాండ్రే” అని తేల్చేసింది. రసం చెయ్యబోతే తాండ్ర అయింది, ఇంకా నయం ఊరగాయ కాలేదు.

ఎందుకో ఆలోచిస్తే ఒకటి తోచింది. చిన్నరసాన్ని చేత్తో పిసికి, మూతి దగ్గర కొరికి పీలుస్తాం. నాలుక మీద పులుపు తగులుతుంది, పీచు పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది, మోచేతి దాకా రసం కారుతుంది. ఆవిరిలో వాసన ఒక్కటే ఉంటుంది. పులుపు తీసేస్తే రసంలో మిగిలేది తాండ్రే కదా. పులుపు కోసం సిట్రిక్, మాలిక్ యాసిడ్ చుక్కలు కలిపేవాళ్లున్నారు. వేడి కాయిల్ మీదుగా యాసిడ్ పీల్చడం నాకిష్టం లేక అక్కడ ఆగిపోయాను.

27 జూలై, ఆదివారం

ఇరానీ చాయ్ కథ త్వరగా ముగిస్తాను.

బ్లాక్ టీ 1.5 శాతం, ఏలకులు 0.3, క్రీమ్ 3. జూన్ చివర్లో కలిపి నెల రోజులు చీకట్లో పెట్టాను. ఆ క్రీమ్ డయాసిటైల్ తీసేసి చేసిన రకం, చూసే కొన్నాను. ఇవాళ మూత తీశాను.

“ఏమండీ, నెయ్యి గిన్నె ఎక్కడైనా మూత తీసి మర్చిపోయారా?” అని హాల్లోంచి వినపడింది.

కనరు వాసన. వెన్న రుచిచ్చే ఆ మూడింటినీ తీసేశాక ఆ ఖాళీని కొన్ని కంపెనీలు బ్యూటిరిక్ యాసిడ్‌తో నింపుతాయి. చెడిపోయిన వెన్నలో వాసన వేసేది సరిగ్గా అదే. లీటర్లలో, అతి తక్కువ పాళ్లలో కలిస్తే పాలలా అనిపిస్తుందట. నా పది మిల్లీలీటర్లలో మాత్రం చిన్నపిల్లలు పాలు కక్కినట్టుంది. ఏలకులు 0.3 శాతమే అయినా టీని తొక్కి పారేశాయి, అంటే మొత్తం మీద ఇది చెడిపోయిన పాయసం.

ఇక క్రీముల జోలికి పోను. డయాసిటైల్ ఉన్నవి తాగను, లేనివి తాగలేను.

24 ఆగస్టు, ఆదివారం

తాండ్రను అరవై మిల్లీలీటర్ల చొప్పున చేసుకుంటూ నెలగా తాగుతున్నాను. లెక్క రాసిపెడుతున్నాను, నాకే మళ్లీ కావాలి. 18 మిల్లీగ్రాముల నిక్ షాట్లు రెండు, అంటే 20 మిల్లీలీటర్లు. 360 మిల్లీగ్రాములు 60లోకి, మిల్లీలీటరుకు 6. షాట్లు సగం పీజీ, సగం వీజీ రకానివి. ఫ్లేవర్ మొత్తం 5.5 శాతం, అంటే 3.3. పీజీ 16.7, వీజీ 20.

కాయిల్ మూడు వారాలు వచ్చింది. కొన్న లిక్విడ్‌తో ఐదారు రోజులకే నల్లగా మాడేది. తేడా ఏమిటంటే నేను స్వీటెనర్ వేయలేదు. షాపు లిక్విడ్లలో చాలావాటిలో సుక్రలోజ్ ఉంటుంది, కాయిల్ మీద తారులా పేరుకునేది అదే. ఆఫీసులో గుంటూరు కుర్రాడొకడు నాది ఒక దమ్ము లాగి “అన్నా, తీపి లేదేంటన్నా?” అన్నాడు. వాడికి అలవాటైంది మామిడి కాదు, సుక్రలోజ్.

చల్లదనానికి డబ్ల్యూఎస్-23 అని ఒకటి తెప్పించాను. పుదీనా వాసన లేకుండా చల్లగా మాత్రమే అనిపిస్తుంది. ఒకసారి వేసి చూశాను, ఫ్రిజ్‌లో తాండ్ర. వద్దు.

14 సెప్టెంబర్, ఆదివారం

ఏ ఆశా లేకుండా పెట్టెలో పడి ఉన్న సోంపు సీసా ఇవాళ తీశాను.

ఇది ఘాటు జాతి, సోంపుకు ఆ వాసననిచ్చే అనెథోల్ కొంచెం చాలు. 0.5 శాతంతో మొదలెట్టాను. ఇంకో జాగ్రత్త, సోంపు, దాల్చినచెక్క, నిమ్మ జాతి ఫ్లేవర్లు కొన్ని రకాల ప్లాస్టిక్ ట్యాంకులను పగులు పట్టిస్తాయి. అందుకని గాజు ట్యాంకు ఒకటి తెచ్చుకున్నాను. దాల్చినచెక్క నేను అసలే కొనలేదు. దాని రుచికి మూలమైన సిన్నమాల్డిహైడ్ ల్యాబ్‌లో ఊపిరితిత్తుల కణాల మీద చేసిన పరీక్షల్లో చాలాసార్లు చెడ్డపేరు తెచ్చుకుంది.

ఆదివారం భోజనం, గోంగూర మాంసం. బాల్కనీలో కూర్చుని ఒక్క దమ్ము లాగాను. హోటల్ కౌంటర్ మీద స్టీలు ప్లేట్లో సోంపు, పటికబెల్లం పలుకులు పెడతారే, బిల్లు కట్టి చిల్లర తీసుకుంటూ రెండు వేళ్లతో తీసి నోట్లో వేసుకుంటాం కదా. అదే. తేడా లేదు. ఇంకేమీ కలపక్కర్లేదు. మూడు నెలలు మామిడి చుట్టూ తిరిగితే రానిది, ఒక్క ఫ్లేవర్, అర శాతం, మొదటి ప్రయత్నం.

ఒకటి ఒప్పుకోవాలి. సోంపు తేలిక, ఎందుకంటే అందులో ఉన్నదంతా వాసనే. మామిడిలో సగం వాసన, సగం వేసవి సెలవులు.

19 అక్టోబర్, ఆదివారం

గుంటూరు కుర్రాడు సోంపు రుచి చూసి “నాకూ ఒక సీసా చెయ్యన్నా, డబ్బులిచ్చేస్తా” అన్నాడు. కుదరదన్నాను. నికోటిన్ ఉన్న లిక్విడ్ అమ్మాలంటే మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏకు ముందే తెలపాలి, దానికో పద్ధతుంది. అదొక్కటే కాదు, నా వంటింటి కాటా తప్పు చూపిస్తే నష్టం నాకు మాత్రమే జరగాలి. కాగితం మీద లెక్క రాసిచ్చి, షాపు పేరు చెప్పాను. వాడు చేసుకోలేదు, అడగడమూ మానేశాడు.

నికోటిన్ సగం చేశాను. అరవైకి ఒక్క షాటే, మిల్లీలీటరుకు 3. గొంతులో పట్టు తగ్గింది కానీ సోంపు ఇంకా స్పష్టంగా తెలుస్తోంది. నికోటిన్‌కు దానిదో మిరియపు చేదు ఉందని ఇప్పుడు అర్థమైంది. వారం రోజులు చిరాకుగా ఉన్నాను. ఎనిమిదో రోజు ఎవరూ చెప్పకుండానే చిరాకు పోయింది.

అన్నట్టు వీడియో కాల్‌లో అమ్మ పొగ చూసింది. “ఏంట్రా ఆ పొగ, అక్కడ అప్పుడే మంచు పడుతోందా?” అంది. అవునన్నాను.

23 నవంబర్, ఆదివారం

సంక్రాంతికి ఇండియా టికెట్లు తీసుకున్నాం. కిట్టూ సీసాలూ ఇక్కడే ఉంటాయి. అక్కడ 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. కస్టమ్స్‌లో నిలబడి సోంపు గురించి వివరించే ఓపిక నాకు లేదు. మూడు వారాలకు 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ పెట్టుకుంటాను, అక్కడ మందుల షాపులో దొరుకుతుంది.

ఊరెళ్లే ముందు పెట్టె సర్దాను. మధ్యలో కొన్నవాటితో కలిపి ఇరవై రెండు సీసాలు. వాడుతున్నవి నాలుగు. స్ట్రాబెరీ, బిళ్ల మ్యాంగో, కనరు క్రీమ్, ఇంకా పేరు రాయడానికి సిగ్గేసేవి కొన్ని, అన్నీ బయటికి. మ్యాంగో మూడు సీసా ముప్పావు వంతు మిగిలి ఉంది. పారెయ్యబోతుంటే మా ఆవిడ లేబుల్ తిప్పి చూసింది.

“ఇది తినేదే కదండీ?”

తినేదే. ఇది అసలు మిఠాయిల కోసం చేసిన సరుకే. పాలు చిక్కగా కాచి, కండెన్స్‌డ్ మిల్క్ పోసి, డబ్బాలో దొరికే మామిడి గుజ్జు రెండు గరిటెలు కలిపి, అందులో మ్యాంగో మూడు సరిగ్గా రెండు చుక్కలు వేసింది. రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి పొద్దున్నే పుల్లకు గుచ్చిన కుల్ఫీ చేతికిచ్చింది.

పుల్లగా ఉంది, చల్లగా ఉంది, గుజ్జు నాలుక మీద పాకింది. పాప మోచేతి దాకా కార్చుకుంది. నేను రెండోది తీసుకున్నాను. సీసా తన ఎసెన్సుల అరలో, పైనాపిల్ పక్కన పెట్టేసుకుంది.